సీసా మీద రాసిన పేరు

ఏప్రిల్ 14

పదకొండు మంది. పదకొండు సీసాల రక్తం. మామిడి షెడ్డులో గడ్డి మోపుల మీద కూర్చోబెట్టి తీశాను. రెండేళ్ళుగా చాట్రాయి ఆసుపత్రికి రండర్రా అని గొంతు చించుకుంటే ఒక్కతి కదల్లేదు. ఎలా కదులుతారు... సీజన్లో ఒక పూట మానితే మర్నాడు ఆ చోట్లో ఇంకొకతె కూర్చుంటుంది. సరే, వాళ్ళు రాకపోతే నేనే పోయాను. అన్నం వేళ, అరగంట.

కడుపుతో ఉన్న ప్రతి మనిషికీ సవాయికి, అదే సిఫిలిస్ అనే సుఖరోగానికి, పరీక్ష చేయించాలని కొత్త డాక్టరమ్మ పట్టు. "ఒక్కరినే పిలిస్తే ఊరు వేలెత్తి చూపిస్తుంది, అందర్నీ కూర్చోబెట్టండి" అంది. చిన్నపిల్లే కానీ బుర్ర ఉంది.

రిజిస్టర్లో భర్త పేరు దగ్గరే తంటా. ఒక్కతీ చెప్పదు. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వులు. ఇద్దరు లక్ష్ములు — ఇంటిపేరు ఒకటే, ఇద్దరికీ ఐదో నెలే. సీసాలు పంపాల్సిన నూజివీడు బస్సు వేళయిపోతోంది. సీసాలకి వరస నంబర్లు వేసి, భర్త పేర్లు ఖాళీగా వదిలేసి, ఆనక షెడ్డు మేస్త్రిని అడిగి నింపాను.

ఏప్రిల్ 15

కాళ్ళు పీకుతున్నాయి. మా ఆయన బడికి వెళ్ళబోతూ కాఫీ కలిపి ఇచ్చారు. పంచదార పానకం. అయినా తాగాను, మనసు బాగుంది.

ఏప్రిల్ 24

రిపోర్టులు వచ్చాయి. పదిమందికి ఏమీ లేదు. నాలుగో సీసా, ఒక్క లక్ష్మికి ఉంది. పక్కన నా రాతే — భర్త సాంబయ్య.

వాళ్ళింటికి వెళ్ళాను. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. జబ్బు పేరు ఎత్తలేదు. రక్తంలో దోషం ఉంది, ఇద్దరూ ఆసుపత్రికి రావాలి, సూదిమందు వేయించుకోవాలి అన్నాను. సాంబయ్య ముఖం మాడిపోయింది. "నేను ఊరు దాటి ఎరగనండీ..." ఆ పిల్ల మొగుడి వైపు చూసిన చూపు నాకింకా గుచ్చుకుంటోంది.

ఏప్రిల్ 25

పొద్దున కూర తరుగుతుంటే తట్టింది. ఇంకో లక్ష్మి ఉందిగా, వెంకయ్య భార్య. ఏడో నెలలో ఒకటి, ఎనిమిదో నెలలో ఒకటి. రెండూ నా చేతుల్లోనే పుట్టాయి, రెండూ ఏడవలేదు. ఆమె రక్తం బాగుందట. ఎలా?

వంకాయ అక్కడే వదిలేసి షెడ్డుకి పరిగెత్తాను. నాలుగో సీసా తీసినప్పుడు ఆ మూల కూర్చున్న లక్ష్మి ఎవరయ్యా అని మేస్త్రిని అడిగాను. "సాంబయ్య భార్యేనండీ... ఉండండుండండి, ఆ రోజు చోట్లు మారారండీ. ఏమో, చెప్పలేనండీ."

బుద్ధి లేకపోతే సరి. అతనికి కాదు, నాకు.

ఏప్రిల్ 26

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "అసలు మనిషికి మందు పడకపోతే మూడోది కూడా అలాగే పోతుందండీ. వెంటనే మళ్ళీ తీయండి" అంది, అంతే.

ఏప్రిల్ 28

ఏం రోజు. ఎక్కణ్ణుంచి రాయను.

పదకొండు మందినీ కూర్చోబెట్టి చెప్పేశాను — తప్పు నాది, సీసాలు కలగాపులగం చేశాను, అందరికీ మళ్ళీ తీస్తాను, ఈసారి ఎవరి మొగుడి పేరు వాళ్ళే చెప్పాలి, ఇంకొకళ్ళ నోటి మాట రాయను.

గొల్లుమన్నారు. అవతల కాయలు ఏరుతున్న వెంకయ్య తల్లి, "మొగుడి పేరు చెప్తే ఆయుష్షు తగ్గదూ? ఎక్కడన్నా ఉందా ఇది, నర్సమ్మగారూ" అంది. నాకు కోపం నెత్తికెక్కింది. దులిపేద్దామని నోరు తెరిచానో లేదో, వెంకయ్య లక్ష్మి మెల్లిగా అడిగింది. "మీరు చెప్తారా అండీ, మాస్టారి పేరు?"

పదిహేడేళ్ళ కాపురం. ఈ డైరీలో కూడా 'మా ఆయనే'. రేషన్ షాపులో పక్కావిడ చేత చెప్పించుకునే దాన్ని నేను, వీళ్ళకి నీతులు చెప్తున్నాను. సిరంజి పట్టుకుని నిలబడ్డాను.

చెప్పాను. సగం మింగేశాను. "వినపడలేదండీ" అని వెనక నుంచి ఎవత్తో. మళ్ళీ చెప్పాను, షెడ్డు ఆ కొసకి వినపడేలా. "సుబ్రహ్మణ్యం."

లక్ష్మి లేచింది. ఒక చెయ్యి కడుపు మీద, ఒక చెయ్యి నా ముందుకి. "వెంకయ్య." అత్త చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. లక్ష్మి అటు చూడలేదు. "వెంకయ్య అండీ. రాసుకోండి."

ఇంకేముంది... సాంబయ్య, ఏసోబు, నాగేశ్వరరావు — వరసాగ్గా, పోటీలు పడి. ఒకతె సరదాకి రెండుసార్లు చెప్పింది. ఎవరి సీసా మీద కాగితం వాళ్ళ ఎదురుగానే రాసి అతికించాను. పదకొండూ. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఇంటికొచ్చేసరికి మా ఆయన గుమ్మంలో. "ఊరంతా విన్నారట నా పేరు. నేనొక్కణ్ణే వినలేదు." గబగబా వంటింట్లోకి పోయాను. ఈ వయసులో ఏం సిగ్గో.

మే 6

మళ్ళీ తీసిన రక్తం రిపోర్టులు వచ్చాయి. వెంకయ్య లక్ష్మే. ఇప్పుడు అనుమానం లేదు.

ముందు సాంబయ్య ఇంటికి. ఇద్దరి ఎదుటా తప్పు ఒప్పుకున్నాను, చేతులు పట్టుకున్నాను. పన్నెండు రోజులుగా మొగుడూ పెళ్ళాల మధ్య మాటల్లేవట. ఆ పిల్ల ఏడ్చింది. సాంబయ్య, "పోన్లెండి, మా ఇద్దరికీ ఏం లేదుగా" అన్నాడు. నేనైతే అంత సులువుగా వదిలేదాన్ని కాదు.

మే 8

వెంకయ్య లారీలో నాగపూర్ లోడు దింపి వచ్చాడు. ఇద్దర్నీ నా గదిలో కూర్చోబెట్టి, తలుపు వేసి, జబ్బు పేరుతో సహా చెప్పాను. లోపలి బిడ్డకి పాకుతుందని, ముందు ఇద్దరూ దీనివల్లే పోయి ఉంటారని, వారానికొకటి మూడు సూదులు పడితే ఈ బిడ్డ దక్కుతుందని, మొగుడికీ పడకపోతే మళ్ళీ అంటుతుందని.

"అయితే నా కడుపు మంచిది కాదన్నది అబద్ధమా అండీ?" అంది లక్ష్మి. అబద్ధమే అన్నాను.

వెంకయ్య ఒకటే మాట. "నాకేం లేదండీ. లారీ ఇంజను వేడికి ఒళ్ళు వేడి చేసింది, అంతే." లేచి పోబోయాడు. లక్ష్మి గుమ్మానికి అడ్డం నిలబడింది. "నలుగురిలో నీ పేరు చెప్పాను. మీ అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు. నువ్వు చెయ్యి చాపలేవా?"

కూర్చున్నాడు. రక్తం ఇచ్చాడు.

మే 9

మొదటి సూది. డాక్టరమ్మ ఎదురుగా, ముందు కొంచెం వేసి చూసి, పడుతుందన్నాక. లక్ష్మి కిక్కురుమనలేదు. వెంకయ్య అరిచిన అరుపుకి ఆసుపత్రి గేటు దగ్గర టీ కొట్టు వాళ్ళు లేచి వచ్చారు.

మే 16

రెండు.

మే 18

కొంప మునిగింది. లక్ష్మి వాళ్ళమ్మ బాపులపాడు నుంచి వచ్చి కూతుర్ని తీసుకుపోయింది. ఏడో నెల పడింది, మంచిరోజు, ఆగదట. మూడో సూది మిగిలే ఉంది. నేను టీకాల పనిలో పక్క ఊళ్ళో ఉన్నాను. మంచిరోజులు పెట్టినవాడికి సూది సంగతి ఏం తెలుసు.

మే 23

నేనే పోయాను. సంచిలో మందు సీసా, డాక్టరమ్మ ఇచ్చిన చీటీ. రెండు బస్సులు, ఒళ్ళో ఎవరివో కోళ్ళు. నేను వెళ్ళేసరికి లక్ష్మి అక్కడి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఉంది, కార్డు చేతిలో పట్టుకుని. "ఇవాళ శుక్రవారం కదండీ. మీరు రాకపోయినా వేయించుకునేదాన్ని" అంది.

మూడు. మూడూ పడ్డాయి. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను. కండక్టరు రెండుసార్లు చూశాడు. చూడనీ.

జూన్ 12

రసాలు అయిపోవచ్చాయి. షెడ్డు ఎత్తేస్తున్నారు. కొత్తగా ముగ్గురు వచ్చారు పరీక్షకి, పిలవకుండా, వాళ్ళ కాళ్ళతో వాళ్ళే. పేర్లు తడుముకోకుండా చెప్పారు.

జులై 30

లక్ష్మి వచ్చేసింది. పుట్టింటి నుంచి, నెలలు నిండాక, బస్సులో. వెనకే వాళ్ళమ్మ మొత్తుకుంటూ. "ముందు ఇద్దరూ ఈవిడ చేతుల్లోనే కదే పోయారు" అంది, నా ముఖం మీదే. తల దించుకున్నాను. లక్ష్మి చాప మీద కూర్చుంటూ, "అందుకే వచ్చానమ్మా. ఇది కూడా ఆవిడ చేతుల్లోకే రావాలి" అంది.

ఆగస్టు 13

ఏడ్చింది.

ఆడపిల్ల. పొద్దున పదింటికి. నా చేతుల్లోకి జారిన మరుక్షణం కేర్ మంది. ఒళ్ళంతా వెతికాను — అరికాళ్ళు, అరచేతులు, నోరు. మచ్చ లేదు. రెండుంముప్పావు కేజీలు. వెంకయ్య తల్లి నా కాళ్ళ మీద పడబోతే పట్టుకుని ఆపాను. నేనూ ఏడ్చాను, ఎందుకు దాచాలి.

బొడ్డు రక్తం సీసాలో పట్టాను. పాపకి పేరు లేదుగా, ఏం రాయాలి అనుకుంటున్నాను. మంచం మీద నుంచి లక్ష్మి నీరసంగా, "లక్ష్మి పాప, తండ్రి వెంకయ్య. రాయండి."

ఆగస్టు 14

మా ఆయన జున్ను తెచ్చారు. ఇద్దరమే తిన్నాం. "నా పేరు ఎప్పుడు వింటాను" అని మళ్ళీ.

ఆగస్టు 22

నూజివీడు బస్సులో పాప రక్తం రిపోర్టు కవరు వచ్చింది. అంటించి ఉంది. పైన పాప పేరు లేని పేరు, 'లక్ష్మి పాప'.

"తల్లికి మూడూ పడ్డాయి, బాగానే ఉంటుంది. కానీ కాగితం చూశాకే చెప్తాను" అంది డాక్టరమ్మ నిన్న. వెంకయ్య లోడు మానుకుని పొద్దుటి నుంచి మా గేటు దగ్గరే. విప్పమన్నాడు. విప్పలేదు. లక్ష్మి పురిటి మంచం దగ్గరే విప్పుతాను, ముందు ఆమే వినాలి.

గుమ్మంలో నిలబడే రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతున్నాయి. చెప్పులు వేసుకున్నాను. తలుపు వేసుకోమని లోపలికి కేకేయాలి. ఎప్పటిలా "ఏవండీ" అనబోయి ఆగాను.

"సుబ్రహ్మణ్యంగారూ, తలుపు వేసుకోండి."

లోపల పేపరు కింద పెట్టిన చప్పుడు. వెంకయ్య గేటు తీసి పట్టుకున్నాడు...