స్టాండు వేసిన సైకిలు

చిరంజీవి బుజ్జమ్మకు,

అమ్మ దీవించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం, ఎత్తు ఎక్కేటప్పుడు దగ్గుతున్న మా బస్సు తప్ప. అక్కడ నువ్వు, అల్లుడుగారు, మీ అత్తగారు, నీ కడుపులోని చిన్న ప్రాణం అంతా కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. నేను ఫోను ఎత్తడం లేదని కోపంగా నువ్వు రాసిన ఉత్తరం అందింది. ఎందుకు ఎత్తలేదో చివర్లో చెబుతాను. ఫోన్లో అయితే నువ్వు సగంలో మాట అందుకుంటావు, నేను సందు చూసుకుని మాట మార్చేస్తాను. కాగితం మీద ఆ తప్పించుకోవడం కుదరదు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. మోకాలు నొప్పి ఉంది, కానీ నాతో సర్దుకుపోతోంది. అవును, స్టేజీ మీద ఇంకా అదే పసుపు గౌను. ఏటా నడుము దగ్గర వదులు చేసీ చేసీ, ఇప్పుడు దాంట్లో అసలు గుడ్డ ఎంత, అతుకు ఎంత అని టైలరమ్మాయిని అడిగితే నవ్వి ఊరుకుంటుంది. మా బస్సులో బట్టలు చూసేది ఆ అమ్మాయే. ఇస్త్రీ చేస్తూ మా అందరి పాటలూ కూనిరాగం తీస్తుంటుంది.

బస్సు సంగతులు రాయమన్నావు. ఏముంది, ఊరికో కచేరీ చేస్తూ తిరిగే ఈ బస్సులో అందరం ఒక్క పాట వాళ్లమే. క్యాసెట్ల కాలంలో ఒక్కొక్కరికీ ఒక్కో పాట ఊరూరా మోగింది, ఆ తర్వాత ఏ పాటా మోగలేదు. ఇప్పుడు పేర్లు కూడా పోయాయి. రైలు పాట పాడినాయన రైలు బాబాయి, వాన పాట పాడినావిడ గొడుగు అక్కయ్య. నన్ను సైకిలు అంటారు. స్టేజీ మీద ఎవరి పాట వాళ్లు పాడి దిగిపోవాలి, రెండో పాట ఎత్తకూడదు. అది మేనేజరు పెట్టిన నియమం. "జనం మిమ్మల్ని చూడ్డానికి రారండీ, వాళ్ల వయసుని చూసుకోడానికి వస్తారు" అంటాడు. మనిషి చెడ్డవాడు కాదు, నిజం మొహాన కొడతాడు, అంతే.

నా సైకిలును చెక్కకు బోల్టులతో బిగించారు. వెనక చక్రం నేలకు తగలదు. లైటు పడగానే ఎక్కి, పాట అయ్యేదాకా తొక్కుతాను. హాలు గుమ్మం దగ్గర అమ్మే చిన్న బెల్లులు కొనుక్కొచ్చి, "మోగించు బెల్లు" అనే మాట రాగానే అందరూ ఒక్కసారిగా మోగిస్తారు. గానుగెద్దయినా నయం, గుండ్రంగానైనా నాలుగడుగులు వేస్తుంది. నాకు నిజం సైకిలు తొక్కడం రాదన్న సంగతి నీకు తప్ప ఇంకెవరికీ తెలియదు, మీ అత్తగారికి చెప్పకు.

ఆవిడ అడిగిన ప్రశ్న రెండుసార్లు చదివాను. "మీ అమ్మగారు గాయని కదా, మనవడికో మనవరాలికో ఏం పాట పాడి నిద్రపుచ్చుతారో" అన్నారట. నీ చిన్నప్పుడు నేను పాడలేదు. నిన్ను నిద్రపుచ్చింది మీ నాన్నగారు, ఆ అపశ్రుతి గొంతుతోనే. నా సైకిలు పాట ఇంట్లో వినబడకూడదని గట్టిగా చెప్పాను గానీ, దాని బదులు ఇంకోటి పాడాలని నాకు తోచలేదు. ఆమధ్య మా డ్రైవరు పుట్టినరోజుకి అందరం కలిసి ఏదైనా పాడదామనుకున్నాం. పల్లవి దాటేసరికి ఎవరికీ చరణం రాలేదు. రైలు బాబాయి తెలియకుండానే తన పాటలోకి జారిపోయాడు, వెనకే నేను నా పాటలోకి. గొడుగు అక్కయ్య కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. డ్రైవరు మాత్రం, "పోనివ్వండి, కేకు కోద్దాం" అన్నాడు.

ఇక నీ పురిటికి నేను పెట్టాల్సిన సెలవు సంగతి. నెలనెలా అడుగుతున్నావు, నేనూ నెలనెలా "మేనేజరు ఒప్పుకోవడం లేదు, ఏం చెయ్యను, అడకత్తెరలో పోకచెక్కనయ్యాను" అని రాస్తున్నాను. బుజ్జమ్మా, అది అబద్ధం. నేను అడిగిన రోజే ఒప్పుకున్నాడు.

"వెళ్లండమ్మా, ఎవరు ఆపారు? కూతురి పురుడు కంటే పాట ఎక్కువా? మీ బదులు టైలరమ్మాయి పాడేస్తుంది, ఆ పిల్లకి గాలి పీల్చే చోటుతో సహా వచ్చు" అన్నాడు.

ఆ చివరి మాట నన్ను కట్టేసింది. నేను వెళ్లిపోయాక కూడా ఆ బెల్లులు అలాగే మోగితే నేనెవరిని? ఆ భయంతోనే వెళ్లలేదు. నువ్వు అక్కడ బరువుతో మెట్లు ఎక్కలేకపోతున్నానని రాస్తుంటే, నేను ఇక్కడ కదలని సైకిలు తొక్కుతూ కూర్చున్నాను. ఫోను ఎత్తితే నీ గొంతు విని నిజం చెప్పేస్తానని ఎత్తలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

మొన్న బస్సు దిగుతూ కాలు బెణికింది. కంగారు పడకు, వాపు తగ్గింది. కానీ ఆ రోజు తొక్కలేను కదా, టైలరమ్మాయికి నా గౌను తొడిగి, అతుకులన్నీ పిన్నులతో లోపలికి మడిచి, నా విగ్గు పెట్టి పంపించారు. నేను హాల్లో చివరి వరసలో కూర్చున్నాను. ఇన్నేళ్లలో ఆ పాటను కుర్చీలో కూర్చుని వినడం అదే మొదలు. అమ్మాయి బాగా పాడింది. అలవాటు చొప్పున నేనూ గొంతు కలిపానని నాకే తెలియలేదు. పక్కనున్నావిడ నా చెయ్యి తట్టింది.

"కాస్త మెల్లగా పాడండమ్మా, ఆవిడ పాట వినబడట్లేదు."

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"ఏమనుకోకండి. మా ఆయన కొత్తలో నన్ను సైకిలు మీద తిప్పుతూ ఈ పాటే పాడేవారు. ఆవిడ గొంతు చూడండి, ఇంకా అలాగే ఉంది" అని తన చేతిలోని బెల్లు నాకిచ్చింది. "మోగించండి, ఇప్పుడే వస్తుంది ఆ చోటు."

మోగించాను బుజ్జమ్మా. అందరితో పాటే మోగించాను. ఏడుపు వచ్చింది, అవమానంతోనే అనుకున్నాను మొదట. కానీ ఆవిడ మొహం చూస్తుంటే అర్థమైంది, ఆవిడ విన్నది టైలరమ్మాయినీ కాదు, నన్నూ కాదు. వాళ్లాయన సైకిలుని. ఇన్నేళ్లూ నేను కాపలా కాసిన ఆ పాట నా సొమ్మే కాదు.

రేపు పొద్దున బస్సు తర్వాతి ఊరికి బయలుదేరుతుంది. నేను ఎక్కను. ఈ మాట కొట్టేసి మళ్లీ రాశాను, కాగితం చూస్తే నీకే తెలుస్తుంది. పెట్టె ముందు సర్దితే మళ్లీ విప్పేస్తానేమోనని, ఈ ఉత్తరం పోస్టులో వేశాకే సర్దుతాను. ఒకసారి డబ్బాలో పడితే ఇక వెనక్కి తీసుకోలేను కదా. నేను రాకపోతే దీన్ని నా మొహాన పెట్టి అడుగు.

మీ అత్తగారికి చెప్పు, వచ్చే ఆవిడకు ఒక్కటే పాట వచ్చు, అది కూడా ఇంకొకరికి ఇచ్చేసి వస్తోందని. మీ నాన్నగారు నీకు పాడినదేదో నీకు గుర్తుండే ఉంటుంది. అది నాకు నేర్పు. చరణంతో సహా నేర్పు. నేను నెమ్మదిగా నేర్చుకుంటాను, విసుక్కోకు.

ఇట్లు,
రెండో పాట రాని
మీ అమ్మ