ఉప్పు అంటే ఇవ్వని ఆవిడ

వదినా, నేను కులాసా, బెంగపెట్టుకోకు.

మా సబ్బుల ఫ్యాక్టరీలో స్టోరు చూసే ఆవిడ గురించి నీకు చెప్పి తీరాలి. కాస్టిక్ సోడా పొడిని ఇక్కడ అందరం ‘ఉప్పు’ అనేస్తాం. నిన్న స్టోరు కిటికీ దగ్గర “అక్కా, ఒక డబ్బా ఉప్పు” అన్నాను. “ఉప్పు వంటింట్లో ఉంటుంది” అని ఠపీమని తలుపేసింది! మూడుసార్లు అడిగినా అంతే. నాకు ఒళ్లు మండింది. చివరికి అసలు పేరు చెబితే తెరిచి, నా చేతి తొడుగులూ కళ్లద్దాలూ తనే సరిచేసి మరీ ఇచ్చింది. “తడి తగిలితే కుతకుతలాడే సరుకమ్మా. ముద్దుపేరుతో పిలిచేదానికి ఎవరైనా భయపడతారా?” అంది. పదకొండేళ్లలో ఆవిడ ఇచ్చిన పొడి ఒక్కరి చేతినీ కాల్చలేదట. దండం పెట్టాలనిపించింది.

అన్నయ్య దగ్గు తగ్గిందా? నా ఉన్ని శాలువా పంపు. మా బుజ్జిది స్టూలెక్కడం నేర్చిందని రాశావు. అది చదివాకే మనింట్లో డబ్బా గుర్తొచ్చింది. తూము పూడుకుంటే వెయ్యడానికని నేను పాత పంచదార డబ్బాలో పోసి, మనం ‘పంచదార’ అని నవ్వుకునేది కూడా ఈ పొడే! ఈ కార్డు పక్కన పెట్టి, ముందు ఆ డబ్బా మీద పెద్దక్షరాలతో అసలు పేరు రాసి, బీరువాలో పెట్టి తాళం వెయ్యి.

ఇంట్లో ముద్దుపేరు బుజ్జిదానికొక్కదానికే చాలు. దానికి నా ముద్దులు.