తిరిగొచ్చిన టిఫిన్ డబ్బా

బాపూ,

వచ్చే ఆదివారంతో నువ్వు పోయి ఏడాది. ఇది నీకు చేరదని తెలిసీ రాస్తున్నాను. నాకు నీ మీద కోపంగా ఉంది.

ఇంటర్ అయిపోగానే పని అడగడానికి, మనం వలసొచ్చిన ఈ ఊళ్ళోనే రింగ్ రోడ్‌లో ఒక చీరల దుకాణానికి పోయాను. అక్కడి గుమాస్తా మన సిరిసిల్లాయనే. "జర సోంచాయించు బిడ్డా. రోజూ సగం పూట పనైతే రిజిస్టర్ల పేరెక్కుతది, పని పక్కా. ఛూటక్ అయితే పొద్దంతా పని, గని మాల్ ఉన్న దినమే పిలుస్తరు" అన్నాడు. సగం పూట పని కూడా ఒక పనేనా అనుకుని ఛూటక్‌కే ఒప్పుకున్నాను.

అప్పటినుంచి రోజూ మన ఇల్లున్న అమ్రోలి నుంచి టిఫిన్ డబ్బాతో పోయి, ఆ దుకాణమున్న మార్కెట్ మెట్ల మీద నిలబడుతున్నాను. సగం పూట పనివాళ్ళు మమ్మల్ని దాటుకుని లోపలికి పోతారు. మాకేమో చాలా రోజులు ఒకటే మాట: "ఇయ్యాల మాల్ రాలే, రేపు రాండ్రి."

ఇవాళా అంతే. ఇంటికి రాగానే అమ్మ డబ్బా అందుకుని బరువు చూసింది. "మీ బాపుది గూడ గిట్లనే నిండుగ వచ్చేది" అంది. మగ్గాల కార్ఖానాలో నువ్వూ ఛూటకేనని ఆమె చెప్పేదాకా నాకు తెలియదు.

చిన్నప్పుడు నువ్వు మధ్యాహ్నమే డబ్బాతో వస్తే నాకు పండగ. ఇద్దరం పచ్చిపులుసు పోసుకుని ఆ అన్నం తినేవాళ్ళం. "రేపు గూడ తినకుండ తీస్కరా బాపూ" అని మారాం చేసేదాన్ని. నువ్వు నవ్వి, "అట్లనే బిడ్డా" అనేవాడివి.

ఒక్కసారి నవ్వకుండా నిజం చెబితే ఏం పోయేది బాపూ?