అమ్మకు ఏ దేశంలో ఖర్చు తక్కువ

ఉత్తర నార్వే,
నవంబరు

అక్క యోలితకు,

నేను కులాసాగానే ఉన్నాను. చేపల ఫ్యాక్టరీ నడుస్తూనే ఉంది. నువ్వూ బావా పిల్లలూ బాగున్నారనుకుంటాను. ఫోన్లో నీ ఏడుపు వింటూ ఈ సంగతులు చెప్పలేను. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

"మాకన్నా మూడింతలు సంపాదిస్తావు కదా, అమ్మ అస్థికలు లిథువేనియా తేవడానికి ఇంత ఆలస్యమా, డబ్బంతా ఎక్కడ పోస్తున్నావు?" అని రాశావు. అద్దెకు పోస్తున్నాను. మీ జీతాన్ని వంటిల్లూ చలీ తింటాయి, నా జీతాన్ని ఇల్లు తింటుంది. బుట్టలో వేసుకున్న టమాటాల్లో రెండు వెనక్కి పెట్టేసి వచ్చే రోజులున్నాయి.

మాతో పనిచేసే తోర్బ్యోర్న్ ఒకరోజు క్యాంటీన్లో పేపరు విప్పాడు. అప్పటికి అమ్మ ఇంకా నాతోపాటు ఆ ఫ్యాక్టరీలోనే పనికి వస్తోంది.

"స్కిర్మంతాస్, మీ లిథువేనియావాళ్ళు జీతమంతా తిండికే తగలేస్తారటగా. అన్ని దేశాల ఇంటి ఖర్చులూ వేశాడు చూడు."

"తిండి వాటా పెద్దదంటే తిండిపోతులని కాదురా, జీతం చిన్నదని. మీకు పడవ, కొండ మీద ఇంకో ఇల్లు. మాకు పళ్ళెం దాటితే ఏమీ మిగలదు."

"ఎందుకురా వాడి మీద అరుస్తావు, పేపర్లో ఉన్నదేగా చదివాడు" అంటూ అమ్మ వాడి పళ్ళెంలో తన కేకుముక్క పెట్టింది. నేను లైబ్రరీలో కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్నది ఇలాంటి వాటికి జవాబు చెప్పడానికే. అమ్మ మాత్రం ఏ దేశంలో ఏది చౌకో చూస్తానని ఆ పేపరు అడిగి ఇంటికి తెచ్చుకుంది.

అక్కా, ఇక అసలు సంగతి. అమ్మ అస్థికలను ఇక్కడే పాతిపెట్టాం. పోయిన నెలలో. నీకు చెప్పలేదు.

ఆసుపత్రిలో తనే అంది: "అక్కడైతే నన్ను సాగనంపడానికి ఊరందరికీ మాంసం, మందు పెట్టాలి. పెట్టకపోతే యోలిత తలెత్తుకోలేదు. పెడితే అప్పులపాలవుతుంది. ఇక్కడ ఈ ఊళ్ళో ఉండేవాళ్ళకు జాగా ఊరికే ఇస్తారట, కాఫీ పోస్తే చాలట. ఇక్కడే కానివ్వరా."

"నాన్న పక్కన వద్దా?" అన్నాను.

"ఆయన చచ్చిపోయి పదేళ్ళయింది, నాకోసం ఎదురుచూస్తాడా? అది బతికుంది. దాని పిల్లలకు చలికోట్లు కొనాలి."

నాకు అమ్మ మీద కూడా కోపంగా ఉంది. బతికినన్నాళ్ళూ ధర చూసి సరుకు తీసింది, చావును కూడా చౌకలో తీసుకుంది. కాఫీకి తొమ్మిదిమంది వచ్చారు. మన ఊళ్ళోలా ఎవరూ పాడలేదు. అరగంటలో అయిపోయింది. నిన్ను పిలిస్తే నువ్వు టిక్కెట్టుకు అప్పు చేస్తావని పిలవలేదు. నన్ను తిట్టు, అమ్మను మాత్రం ఏమీ అనకు.

నాన్న సమాధి రాతి మీద అమ్మ పేరూ పుట్టిన ఏడూ అప్పుడే చెక్కించి, పక్కన ఖాళీ వదిలాం కదా. చెక్కేవాణ్ణి పిలిచి చనిపోయిన ఏడు కూడా వేయించనా అని అడిగావు. వేయించకు. ఊళ్ళో ఎవరైనా అడిగితే, ఆవిడ ఇంకా నార్వేలో పనిలోనే ఉందని చెప్పు.

ఇట్లు,
నీ తిట్లకు సిద్ధంగా ఉన్న
తమ్ముడు స్కిర్మంతాస్