గ్యారేజీ గోడ మీది టీవీ, దాని కింది కుర్చీ

విస్కాన్సిన్ రాష్ట్రం, డోర్ కౌంటీ, రోజియర్ ఊరి కాపురస్థుడిని, కీర్తిశేషులు ఆగస్ట్ మసార్ట్ పెద్దకొడుకుని, డెబ్బైరెండేళ్ల వయసు గల నార్బర్ట్ మసార్ట్ అనే నేను, 2025 సెప్టెంబరు 1వ తేదీ సోమవారం నాడు, మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, పూర్తి తెలివిలో ఉండి నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. తెలివి నిలకడగానే ఉంది. మనసే నిలకడగా లేదు. చట్టానికి మనసుతో పని లేదని లాయరుగారు చెప్పారు కనుక రాస్తున్నాను.

గురువారం పొద్దున నా గుండెలో కవాటం మారుస్తారు. భయపడాల్సిందేమీ లేదని డాక్టర్లు అంటున్నారు. బల్ల మీద పడుకునేది వాళ్లు కాదు.

1. నా ఇల్లు, పెరడు, గ్యారేజీ నా భార్య లుసీల్‌కు సర్వహక్కులతో చెందాలి. గ్యారేజీ పడమటి గోడ సంగతి 6వ అంశంలో ఉంది. లుసీల్, ఇది నువ్వు చదువుతున్నట్టయితే వరసలోనే చదువు, ముందే అక్కడికి దూకొద్దు.

2. మా అమ్మాయి కొలెట్‌ను ఈ వీలునామా అమలు జరిపే బాధ్యురాలిగా నియమిస్తున్నాను. బూయా అనే మాంసం పులుసు వండే ఇనుప గుండిగ, పడవ తెడ్డంత గరిట తనకే. ఫుట్‌బాల్ ఆటలున్న ఆదివారాలు పెరట్లో కట్టెలపొయ్యి వెలిగించి, కోడిమాంసం, ఆవు తోక పొద్దుటినుంచీ ఉడికించి ముప్ఫైమందికి పెట్టే పద్ధతి ఆగకూడదు. బఠాణీలు వేయకూడదు. వేస్తానని నువ్వు రెండుసార్లు అన్నావు, నాకు గుర్తుంది.

3. ముప్ఫైఒక్క ఏళ్లు ఈ చుట్టుపక్కల ఇళ్ల బయటి గోడలకు ప్లాస్టిక్ పలకలు, అంటే సైడింగ్, తొడగడమే నా వృత్తి. పలకను గోడనుంచి ఊడదీసే చిన్న కొక్కెం కూడా కొలెట్‌కే ఇస్తున్నాను. పదిహేడేళ్ల వయసులో రెండు వేసవులు నాతో నిచ్చెన ఎక్కింది. మేకు బిగించి కొట్టొద్దని, మేకు తలకూ పలకకూ మధ్య నాణెం పట్టేంత సందు వదలమని ఒక్కసారే చెప్పాను. ఎండకు సాగి చలికి ముడుచుకునే పలకకు ఆ సందు లేకపోతే గోడ అలలు తేలుతుంది. తనకు రెండోసారి చెప్పాల్సిన పని రాలేదు. ఆ మాట చెప్పి అప్పుడే మెచ్చుకుని ఉండాల్సింది.

4. చర్చి హాలుకు సైడింగ్ వేసే పని నన్ను కాదని పైఊరివాడికి ఇచ్చిన కమిటీవారికి, మూలల్లో సందులు పూడ్చుకునే జిగురు గొట్టం ఒకటి ఇస్తున్నాను. హాల్లో కందిరీగలు ఎందుకు తిరుగుతున్నాయో దాన్ని చూస్తే అర్థమవుతుంది.

5. అరమైలు దూరంలో ఉంటున్న నా తమ్ముడు క్లెటస్‌కు నా కొలత టేపు ఇస్తున్నాను. వడ్రంగి కనుక వాడుకోవచ్చు. ఇకనైనా కొలవడం నేర్చుకోవచ్చు.

ఇలా ఎందుకంటున్నానో ఇక్కడే చెప్పాలి. మా గ్యారేజీ కట్టింది వాడే. 2012లో, సీజన్లో మొదటి ఆట రోజున, గ్యారేజీ పడమటి గోడకు బయటివైపు నేను టీవీ బిగిస్తున్నాను. పొయ్యి మీద గుండిగ ఉడుకుతోంది, జనం గిన్నెలు పట్టుకుని కూర్చున్నారు, ఆట మొదలవడానికి నలభై నిమిషాలుంది. గోడ లోపల నిలువు కర్రలు అందరూ పెట్టినట్టు పదహారు అంగుళాలకొకటి ఉంటాయని మూలనుంచి కొలిచి స్క్రూలు దించాను. క్లెటస్ వెనకనుంచి, "ఆ స్క్రూ ఉత్తినే తిరుగుతోంది అన్నయ్యా. నేను రెండడుగులకొకటి పెట్టాను కర్రలు," అన్నాడు. అందరి ముందూ అన్నాడు. నేనూ అందరి ముందే, "ఓహో, నా గ్యారేజీలో మిగిల్చిన కర్రలతోనేనా నీ కోళ్లగూడు లేచింది?" అన్నాను. జనం నవ్వారు. వాడు గిన్నె కింద పెట్టి వెళ్లిపోయాడు. అప్పటినుంచి పదమూడేళ్లుగా మా పెరట్లో కాలు పెట్టలేదు. ప్రతి ఆదివారం లుసీల్ వాడికి బూయా పంపుతుంది. కడిగిన గిన్నె తిరిగి వస్తుంది. మాట మాత్రం రాదు.

6. ఇక టీవీ సంగతి. ఇది రాయడానికే ఈ కాగితాలన్నీ ముందేసుకున్నాను.

ఎడమవైపు రెండు స్క్రూలు కర్రలో దిగాయి. కుడివైపు రెండూ వెన్నలో దిగినట్టు దిగాయి. కర్ర తగిలితే చెయ్యి ఆపుతుంది, నాకు తెలియదా? తెలిసీ వదిలేశాను. పైగా ఏ పామరుడూ చేయని పని చేశాను. సైడింగ్ కోసి, కర్రలకు అడ్డంగా చెక్క బిగించి, నీళ్లు దిగకుండా పైన రేకు కట్టి, దాని మీద కదా స్టాండు పెట్టాలి? నేను నేరుగా పలకల మీదే పెట్టి, పలక అణిగేదాకా బిగించాను. మరుసటి వేసవికల్లా టీవీ కింద సైడింగ్ అల తేలింది. టీవీ బిగించిన రెండేళ్ల తరవాత ఆ అల సర్దుకుంది కానీ, లోపల రెండు స్క్రూలు తుప్పుపట్టి, చెక్క నాని ఎలా ఉందో తలుచుకుంటే నాకు అన్నం దిగదు.

లుసీల్‌కు చూపు మందం. తన కుర్చీ సరిగ్గా ఆ టీవీ కిందే వేసుకుంటుంది. సరస్సు మీదినుంచి గాలి లేచినప్పుడల్లా నేను బయటికి వెళ్లి నిలబడి చూస్తుంటాను. పక్కనుంచి తొంగి చూసే ధైర్యం మాత్రం ఒక్కనాడూ చాలలేదు. దించమని ఎవరినైనా అడిగితే, ఊరంతటికీ గోడలు వేసిన నార్బర్ట్ తన గోడ తనే పాడుచేసుకున్నాడని సాయంత్రానికి అరమైలు అవతల తెలుస్తుంది. కనుక నా తదనంతరం కొలెట్ ఆ టీవీని వెంటనే దింపించాలి

వాక్యం మధ్యలో ఆగాను. వీలునామా తెరిచేది నేను పోయాక. మొదటి ఆట ఈ ఆదివారం. అప్పటికి నేను ఆసుపత్రిలో గొట్టాలతో పడి ఉంటాను, లుసీల్ ఆ కుర్చీలో ఉంటుంది. డాక్టర్లు బాగు చేసి పంపితే ఈ కాగితం ఇంకో పదేళ్లు సొరుగులోనే ఉంటుంది. ఏం రాస్తున్నాను నేను?

బుధవారం, సెప్టెంబరు 3. రెండు రాత్రులు నిద్ర లేదు. కింది సంగతులు రాసేటప్పటికి కూడా తెలివిలోనే ఉన్నానని ప్రకటిస్తున్నాను.

7. సాక్షి సంతకాలకు వచ్చిన ఎల్మర్ రెనియేకు, డోరిస్ హెర్లాష్‌కు 6వ అంశం చదివి వినిపించాను. లుసీల్ పొయ్యి దగ్గర నిలబడి వింది. ఎవరూ నవ్వలేదు. ఎల్మర్, "ఒరేయ్, ఇంతోటి దానికి వీలునామా ఎందుకురా, ఒక కేకేస్తే పోయేదానికి?" అని నిచ్చెన తెచ్చాడు. ఇద్దరూ పట్టుకుని టీవీ దించారు. నేను కిందనుంచి చూస్తూ నిలబడ్డాను.

టీవీ వెనక సైడింగ్ చక్కగా చదరంగా కోసి ఉంది. లోపల రెండు నిలువు కర్రలకూ అడ్డంగా తెల్లరంగు వేసిన మందపాటి చెక్క, పైన వంచిన రేకు, నాలుగు పెద్ద స్క్రూలు. చెక్క పొడిగా ఉంది. దాని మీద వడ్రంగి పెన్సిల్ రాత: "రెండడుగులకొకటి. చెప్పాను కదా. నవంబరు 2014."

ఆ నవంబరులో నేను వారం రోజులు జింకల వేటకు వెళ్లాను.

లుసీల్ అప్పుడు నోరు విప్పింది. "గాలి లేస్తే చాలు వెళ్లి గోడకేసి చూస్తూ నిలబడేవాడివి. ఎందుకో నాకు తెలీదనుకున్నావా? క్లెటస్‌కి నేనే ఫోన్ చేశా. నిచ్చెన పట్టుకుంది కూడా నేనే. 'అన్నయ్యకి చెప్పకు వదినా, చెప్తే రోషంతో విప్పేసి మళ్లీ తనే బిగిస్తాడు' అన్నాడు. ఆ తర్వాత కూడా నువ్వు గాలికి బయటికెళ్తుంటే, దాక్కుని సిగరెట్ కాలుస్తున్నావనుకున్నా."

అల ఎలా సర్దుకుందో ముప్ఫైఒక్క ఏళ్ల పనివాడికి తట్టలేదు. గోడకు జరిగింది నేరుగా చూడలేదు కనుక తట్టలేదు. ఎల్మర్, డోరిస్ ముందే ఏడ్చాను.

8. కొట్టివేతలుంటే తగాదాలొస్తాయని లాయరుగారు అన్నారు కనుక 5వ అంశం కొట్టివేయడం లేదు. టేపు క్లెటస్‌కే చెందుతుంది. అక్కడ రాసిన కారణం మాత్రం రద్దు. మిగిల్చిన కర్రల మాట అబద్ధం. చవకగా కట్టమని వాడి ప్రాణం తీసింది నేనే. ఆ చెక్కను గోడనుంచి ఎవరూ ఎన్నడూ విప్పకూడదు. రాత మీద రంగు వేయకూడదు.

9. ఈ అంశం నా చావు కోసం ఆగేది కాదు. నేను కళ్లు తెరిచినా తెరవకపోయినా, ఈ ఆదివారం ఆ టీవీ కింద, లుసీల్ కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేయాలి. అది నా తమ్ముడు క్లెటస్‌ది. పిలవడానికి లుసీల్ వెళ్లకూడదు, కొలెట్ వెళ్లకూడదు. ఈ సంతకం పెట్టి లేచి నేనే వెళ్తున్నాను. కారు తీస్తానని ఎల్మర్ అన్నాడు, వద్దన్నాను. అరమైలే కదా, ఆగుతూ వెళ్తాను. వాడు తలుపు తీస్తే ఏమనాలో ఇంకా తోచలేదు. రేపటి కోత కన్నా ఆ తలుపంటేనే నాకు ఎక్కువ భయంగా ఉంది.

2025 సెప్టెంబరు 3, బుధవారం, మధ్యాహ్నం మూడు గంటలు.

(సంతకం) నార్బర్ట్ మసార్ట్

మా ఎదుట సంతకం చేశాడని ఎరిగిన సాక్షులు, ఇందులో ఏ ఆస్తికీ వారసులు కానివారు:
ఎల్మర్ రెనియే
డోరిస్ హెర్లాష్