గోడ మీద లేని ముసలమ్మ

నేపుల్స్

మ్యూజియంలో నకళ్ల విభాగం చూసే లబ్రియోలా గారికి, కొండ రైలులో టికెట్లు తనిఖీ చేసే ఆస్సుంతా కపాస్సో మండిపడుతూ రాస్తున్నది.

మీ అనుమతితోనే చలికాలమంతా ఆ బరోక్ కాలపు ‘గుడ్లమ్మే ముసలమ్మ’ ముందు ఈజిల్ స్టాండు వేసుకుని నూనె రంగుల్లో నకలు దించుతున్నాను. ఈరోజు వచ్చేసరికి గోడ ఖాళీ. శుభ్రం చేయడానికి తీసుకెళ్లారట. నాకింకా ముక్కు మిగిలే ఉంది.

మీ గోడల నిండా డ్యూకులే, వాళ్ల కుక్కలతో సహా. బతుకంతా ఆసుపత్రి దుప్పట్లు ఉతికిన మా అమ్మ నున్జియా బొమ్మ మాత్రం ఏ గోడ మీదా లేదు. ఆమె పోయేలోగా అదొకటి వేయాలనే ఈ వయసులో కుంచె పట్టాను. ఆమేమో కూర్చోదు. “కూర్చోవడం దొరసానుల పని, నాకు గిన్నెలున్నాయి” అంటుంది. ముసలి మొహం వేయడం ఇక్కడ నేర్చుకుంటే, ఆమెను కాసేపు కూర్చోబెట్టినా సరిపోతుందనుకున్నాను. ముసలమ్మను తెచ్చి పెట్టండి.

కోపంతో,
ఆస్సుంతా

తా.క. పక్క బొమ్మలో బిషప్పు ముక్కు చూసి వేసేసుకోమని మీ కాపలాదారు సలహా. ఆకలి ఎరగని మొహం మీది ముక్కు అది. మా ముసలమ్మకు నప్పదు.

*

కపాస్సో గారికి నమస్కారాలు.

బొమ్మ మీది పాత వార్నిష్ పూత తీస్తున్నారు. ఈస్టర్ దాటాక బొమ్మ తిరిగొస్తుంది. ఈలోపు ద్రాక్షపళ్ల బొమ్మ వేసుకోవచ్చు. మీ ఈజిల్ దయచేసి తీయండి.

విధేయుడు,
లబ్రియోలా

తా.క. ఖాళీ గోడ ముందు మీ నకలే ఉండేసరికి జనం దాన్నే అసలుదనుకుంటున్నారు. నిన్న ఒక గైడు ముక్కు లేకపోవడానికి అర్థం కూడా చెప్పాడు.

*

లబ్రియోలా గారికి,

తీయను. వందల ఏళ్లు మీ చిత్రకళా అకాడమీలు ఆడవాళ్లను గుమ్మం బయటే నిలబెట్టాయి. ఇప్పుడు లోపలికొచ్చినదాన్ని ద్రాక్షపళ్లు వేసుకోమంటారా? ఆడది పళ్లూ పూలూ వేసుకుంటూ ఉంటే మీ అందరికీ నిశ్చింత. మొహాలు వేస్తేనే కంగారు.

కదలని,
ఆస్సుంతా

తా.క. ఆ గైడు చెప్పిన అర్థమేమిటో రాయండి. అమ్మ అడుగుతోంది.

*

కపాస్సో గారికి,

బొమ్మ వచ్చింది. రావచ్చు.

లబ్రియోలా

తా.క. పేదరికం వాసన భరించలేక చిత్రకారుడు ముక్కు వదిలేశాడట. ఇంకో మాట, బొమ్మ చూసేముందు ఎక్కడైనా కూర్చోండి.

*

లబ్రియోలా గారికి,

ఆమె ముసలమ్మ కాదు. పడుచు పిల్ల. ముడతలనుకుని నేను ఒక్కొక్కటే దించినవి వార్నిష్ పగుళ్లు. మునిమాపు వెలుతురనుకున్నది కొవ్వొత్తుల పొగ. గుడ్లు కూడా గుడ్లు కావు, ఉల్లిపాయలు. చలికాలమంతా నేను నేర్చుకున్నది మనిషి మొహం కాదు, మురికి. ఇక అమ్మ బొమ్మ వేయడం నా వల్ల కాదు. ఆమెకు చెప్పాను. గిన్నెలు తోముకోవడానికి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

నా బొమ్మ పారేయండి. కుంచెలు పక్కింటివాళ్లకిచ్చేశాను, రొట్టెల మీద గుడ్డు సొన పూసుకుంటారట.

ఓడిపోయిన,
ఆస్సుంతా

తా.క. ఆ పిల్ల ముక్కు బాగానే ఉంది. ఒప్పుకోక తప్పదు.

*

ఆస్సుంతా గారికి,

ఈ చీటీని కాపలాదారు చేత మీ స్టేషనుకే పంపుతున్నాను.

నకలును అసలుతో పోల్చి, వెనక ముద్ర వేస్తేనే అది మా గుమ్మం దాటాలి. కమిటీ పోల్చి చూసింది. ఒక్క పోలికా లేదు, ఇది నకలే కాదు, కపాస్సో సొంతంగా వేసిన బొమ్మ, ముద్ర కుదరదు అంది.

పొద్దున మీ అమ్మగారు బస్సెక్కి వచ్చారు, పారేసేలోగా తీసుకుపోదామని. గోడ మీది పిల్లను చూసి, ఈమె ఒక్క దుప్పటైనా పిండి ఉండదన్నారు. మీ బొమ్మ ముందు మాత్రం ఆగి, దగ్గరగా వంగి చూశారు. తర్వాత “ఇది నేనే. నన్నెప్పుడు చూసిందయ్యా ఇంతగా?” అన్నారు.

ముద్ర లేదు కనుక ఇవ్వలేనన్నాను. ఇచ్చేదాకా కదలనని మీ స్టూలు మీద కూర్చున్నారు. ఇప్పటికీ చేతులు ఒళ్లో పెట్టుకుని, నన్నే కోపంగా చూస్తూ, రవ్వంత కదలకుండా కూర్చునే ఉన్నారు. కిటికీ వెలుతురు సరిగ్గా మొహం మీద పడుతోంది.

రంగులు తీసుకుని వెంటనే రండి.

మీ,
లబ్రియోలా

తా.క. ముద్ర లేకపోయినా బొమ్మ ఇచ్చేయమని డైరెక్టరు గారు ఇందాకే సంతకం చేశారు. మీరు వచ్చి గీయడం ముగించేదాకా ఆ సంగతి ఆవిడకు చెప్పను.