నాలుగు దాటాకే వెతకండి

ఏమండీ,

మామయ్యకు గంజి తీసుకుని ఆసుపత్రికి పోతున్నాను. అన్నం, చేపల పులుసు పొయ్యి గట్టు మీద ఉన్నాయి. తిని, చెయ్యి శుభ్రంగా తుడుచుకున్నాకే కంప్యూటరు ముట్టుకోండి.

పాత చర్చి రికార్డుల సైటు నాలుగింటిదాకా తెరుచుకోదు. రోజుకు పదిసార్లే వెతకనిస్తుంది. నిన్న జవాబు ఆలస్యమైందని మీరు లిఫ్టు బటన్ నొక్కినట్టు ఒకే పేరు మీద ఏడుసార్లు నొక్కారు. అన్నీ లెక్కలోకి పోయాయి. వద్దంటే "నాకు తెలుసులే మెర్లిన్" అన్నారు. ఈరోజు ఒక్కసారి నొక్కి, చేతులు కట్టుకుని కూర్చోండి.

మీ నాయనమ్మను సామ్రాజ్యం అని ఇక వెతకొద్దు. అది బాప్తిస్మంలో పెట్టిన పేరు. ఊళ్లో అందరూ చివరిదాకా మాలకొండమ్మ అనే పిలిచారట. ఆ పేరుతో, ఆమె పోయిన 1959 నాటి సమాధుల రిజిస్టరు చూడండి. సమాధి నంబరు కనిపించగానే ఫోటో తీయండి. రాయి మీద అక్షరాలు అరిగిపోయాయి కాబట్టి చర్చి కమిటీవాళ్లు కాగితమే అడుగుతున్నారు. ఆ పక్క చోటు ఎవరికిచ్చేదీ రేపు ఆరాధన అయ్యాక తేల్చేస్తారు. తనను వాళ్లమ్మ పక్కన పెట్టమని తప్ప మామయ్య మనల్ని ఇంకేమీ అడగలేదు.

డాక్టరు నిన్న ఏమీ చెప్పకుండానే వెళ్లిపోయారు. నాకు భయంగా ఉంది.

మెర్లిన్

పొద్దున ఫోన్లో మామయ్య "అమ్మ దొరికిందా?" అన్నారు. దొరికిందని చెప్పేశాను. "మాలకొండమ్మ అనే రాసినారా?" అని ఎంత సంతోషంగా అడిగారో! అవునన్నాను. నన్ను అబద్ధాలకోరును చెయ్యకండి.